చెంచాడు సముద్రం

2021 మే నెలలో నాన్న పోయారు. అప్పట్నుంచి ‘వైరస్’ అన్న మాట వింటే ఒంట్లో ఏదో బిగుసుకుంటుంది. ఆఫీసులో ఎవరో ‘ఆ వీడియో వైరల్ అయింది’ అని నవ్వినా అంతే. నిజానికి అంతకు రెండేళ్ళ ముందు, ఒక నవల మీద నేను రాసిన సమీక్షలో ఆ మాటని మూడుసార్లు వాడాను. ‘ద్వేషం ఊళ్ళోకి వైరస్‌లా పాకింది’ అన్న వాక్యం రాసిన రోజు నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

మాది వైజాగ్. ఉద్యోగం హైదరాబాదులో. నాన్న అస్థికలు భీమిలి దగ్గర సముద్రంలో కలిపాం. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇంటికి వెళ్ళినా బీచ్ వైపు మాత్రం పోలేదు. ఊరు తెలిసినవాళ్ళకి అదెంత కష్టమో తెలుస్తుంది. అక్కడ ఏ డౌన్ దిగినా చివర్లో సముద్రమే కనిపిస్తుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా పిన్ని కూతురు పట్టుబట్టింది. తను సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. “పండగయ్యాక ఒక్క గంట ల్యాబ్‌కి రా అన్నయ్యా, నీకొకటి చూపించాలి” అంది. వెళ్ళాను. ఒడ్డు నుంచి తెచ్చిన కాసిని నీళ్ళని చాలా సన్నటి రంధ్రాలున్న ఫిల్టర్ గుండా వడపోసింది. దాని మీద డీఎన్‌ఏకి అంటుకునే రంగు వేసి, గదిలో లైటార్పి, మైక్రోస్కోపులో నీలం కాంతి పెట్టి చూడమంది.

చీకటి మీద ఆకుపచ్చ చుక్కలు. అమావాస్య రాత్రి డాబా మీద పడుకుని చూసినట్టుంది.

“కాస్త పెద్దగా ఉన్నవి బ్యాక్టీరియా. మధ్యలో నలుసుల్లా ఉన్నవన్నీ వైరస్‌లు.”

తల వెనక్కి తీసేశాను. తను కంగారుపడింది. “ఇవి మన జోలికి రావు అన్నయ్యా. చాలామటుకు బ్యాక్టీరియాని పట్టేవే.”

తనమీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది? “ఎన్ని ఉంటాయి?” అని అడిగాను.

పైపొర నీళ్ళలో మిల్లీలీటరుకి సుమారు పది లక్షల బ్యాక్టీరియా, కోటి దాకా వైరస్‌లు ఉంటాయట. అంటే ఒక టీ చెంచాడు నీళ్ళలో దాదాపు ఆంధ్రప్రదేశ్ జనాభా అంత. ఇది చాలాకాలం ఎవరికీ తెలియదు. ప్రయోగశాలలో పెంచగలిగిన వాటినే లెక్కపెట్టేవాళ్ళు కాబట్టి సముద్రంలో వైరస్‌లు తక్కువే అనుకున్నారు. 1989లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు నీళ్ళని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కిస్తే కోట్లలో తేలాయి.

ఇన్ని ఉండి ఏం చేస్తాయి? చంపుతాయి. సముద్రంలోని సూక్ష్మజీవుల మొత్తం బరువులో ఇంచుమించు ఐదో వంతు రోజూ వైరస్‌ల చేతిలో పోతుందని అంచనా. వైరస్ బ్యాక్టీరియాలో దూరి, తన నకళ్ళు తీయించుకుని, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. దాంతో ఆ కణంలో ఉన్న కార్బన్, నత్రజని, ఫాస్ఫరస్, ఇనుము అన్నీ నీళ్ళలో కలుస్తాయి. అదే కణాన్ని ఇంకో జీవి తినేసి ఉంటే ఆ సరుకు చేపల వైపు పైకి వెళ్ళేది. పగిలింది కాబట్టి మళ్ళీ కిందకే, మిగతా బ్యాక్టీరియాకీ నాచుకీ అందుతుంది. 1999లో విల్‌హెల్మ్, సటిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ‘వైరల్ షంట్’ అని పేరు పెట్టారు. రైలుని ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మళ్ళించినట్టన్న మాట. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోనే జరుగుతుంది. దానికి కావలసిన ఎరువులో కొంత ఈ పగిలిన కణాల నుంచే వస్తుంది.

నాకు వెంటనే సర్వర్ గుర్తొచ్చింది. ఒక ప్రాసెస్‌ని కిల్ చేస్తే అది పట్టుకు కూర్చున్న మెమరీ మిగతావాటికి దొరుకుతుంది. ఇంకోటి చెప్పింది తను. ఏ రకం బ్యాక్టీరియా బాగా పెరిగిపోతే దాని వైరస్‌కి అది అంత తేలిగ్గా దొరుకుతుందట. అందువల్ల ఏ ఒక్కటీ సముద్రమంతా ఆక్రమించుకోలేదు.

“మరి అడుగున?” అన్నాను.

ఒక గొట్టంలో గట్టిపడ్డ బురద చూపించింది. పైనుంచి రాలిన చెత్తాచెదారం, చచ్చిన నాచు వేల ఏళ్ళుగా పేరుకున్న మడ్డి అది. ఘన సెంటీమీటరుకి కోట్ల కొద్దీ బ్యాక్టీరియా. వెలుతురు లేదు, తిండి దాకా వచ్చేది చిటికెడు. వెయ్యి మీటర్లు దాటిన లోతుల్లో, ఆ అడుగుమట్టిలో కొత్తగా పుట్టే బ్యాక్టీరియా దాదాపు మొత్తం వైరస్‌ల వల్లే పోతుందని 2008లో ఇటలీ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పోయిన వాటి సారమే మిగిలిన వాటికి తిండి. చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా వృథా కాదు, అక్కడి జీవులకి అది ఫాస్ఫరస్ ఇస్తుంది.

ఫాస్ఫరస్ అనగానే నా బుర్ర ఎటు పోయిందో తనకి అర్థమైంది. చితాభస్మంలో ఎక్కువ భాగం కాల్షియం ఫాస్ఫేట్. అది సముద్రంలో కలిసింది. మిగతా లెక్క నేనే పూర్తి చేసుకోగలను. పూర్తి చేశాను కూడా. ఆ లెక్కలో నాన్న లేరు. పేపర్‌లో సుడోకు పెన్నుతో నింపి, తప్పొస్తే అచ్చువాళ్ళని తిట్టే మనిషి ఏ మూలకంలోనూ దొరకరు.

లాక్‌డౌన్‌లో మనవాళ్ళు కవితలు రాశారు, ప్రకృతి పగ తీర్చుకుంటోందని, భూమి ఊపిరి పీల్చుకుంటోందని. అప్పుడు చదివి ఒళ్ళు మండింది. కారణం ఇప్పుడు చెప్పగలను. సముద్రంలో ఎక్కువైనదాన్ని వైరస్ తగ్గిస్తుంది, నిజమే. అది న్యాయం కాదు, ఢీకొనే అవకాశాల లెక్క. దానికి బుద్ధి అంటగడితే చనిపోయినవాళ్ళు నేరస్థులవుతారు.

నా పాత వాక్యంలో తప్పు దీనికి తిరగేసిన రూపం. ద్వేషాన్ని వైరస్ అంటే, దాన్ని పెంచినవాళ్ళు పక్కకి తప్పుకుంటారు. దానంతటదే వచ్చిందన్నట్టు అయిపోతుంది. నాన్నని తీసుకుపోయింది వైరస్ ఒక్కటే కాదు. రెండు రాత్రులు ఆక్సిజన్ బెడ్ కోసం నేనూ మా బావా తిరిగిన రోడ్లు నాకు గుర్తే. ఫోన్లు ఎత్తనివాళ్ళు మనుషులు. అన్నీ ‘మహమ్మారి’ ఖాతాలో వేసేయడం నాకూ అప్పట్లో సుఖంగానే ఉండింది.

ఆ సమీక్ష ఇంకా నెట్‌లో ఉంది. తీసేయమని అడగాలనిపించింది కానీ అడగలేదు. అలా రాసింది నేనే అని తెలియనీ.

ఆ సాయంత్రం అమ్మ, నేను ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. చాలాకాలానికి. అమ్మ చెప్పులు నా చేతికిచ్చి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. వంగి అరచేతిలోకి నీళ్ళు తీసుకుని తలమీద చల్లుకుంది. ఆ అరచేతిలో ఎన్ని కోట్లున్నాయో, అందులో ఎన్ని ఆ క్షణాన పగులుతున్నాయో చెబుదామని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను.

“నువ్వూ దిగరా, చల్లగా ఉంది” అంది.

రెండు జతల చెప్పులూ ఇసుకలో పెట్టి దిగాను.