మూడక్షరాల చుట్టరికం

అమెరికాలో పెద్ద యూనివర్సిటీల పక్కన చాలాచోట్ల ఒక వీధి ఉంటుంది. తెల్లటి స్తంభాల ఇళ్ళు, వాటి ముందు పచ్చిక, పచ్చికలో నిన్న రాత్రి తాలూకు ఎర్ర ప్లాస్టిక్ గ్లాసులు, ఇంటి నుదుట రెండో మూడో గ్రీకు అక్షరాలు. లోపలుండే కుర్రాళ్ళలో గ్రీకు చదవగలిగినవాడు ఉంటే గింటే ఒకడుంటాడు. అయినా ఆ ఇళ్ళవాళ్ళందరినీ కలిపి కాలేజీలో ‘గ్రీకులు’ అనే అంటారు. ఆ ఇంటివాళ్ళ సంఘమే ఫ్రాటర్నిటీ. ఆడపిల్లలదైతే సొరోరిటీ.

ఈ సరదా ఇవాళ్టిది కాదు. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కొద్ది నెలలకే, 1776 డిసెంబరులో, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు కొందరు ఫై బీటా కప్పా అనే రహస్య సంఘం పెట్టుకున్నారు. గుట్టుగా చేయి కలిపే పద్ధతి, ప్రమాణం, పతకం, గ్రీకు అక్షరాలు, ఈ సరంజామా అంతా అక్కడిదే. ఆ సంఘం పెద్దయ్యాక బుద్ధిమంతురాలై, బాగా చదివేవాళ్ళను గౌరవించే సంస్థగా స్థిరపడింది. మిగిలిన సరదాను న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీ కుర్రాళ్ళు 1825లో అందుకున్నారు. అప్పటి కాలేజీ అంటే పొద్దున ప్రార్థన, పగలంతా లాటిన్ వల్లెవేత, రాత్రి మేష్టారి గస్తీ. పంతొమ్మిదేళ్ళవాడికి మేష్టారి కన్ను పడని చోటు ఒకటి కావాలి. ఆ చోటు కాలేజీలు నిషేధించినా నిలిచింది, యుద్ధాలొచ్చినా నిలిచింది, రెండు వందల ఏళ్ళయింది.

ఇవన్నీ నేను తిరగెయ్యవలసి వచ్చింది మా అక్క కొడుకు వల్ల. డల్లాస్‌లో పుట్టి పెరిగినవాడు. కాలేజీలో చేరిన కొత్తలో ఫోన్ చేసి, “మామయ్యా, నేను రష్ చేద్దామనుకుంటున్నా. అమ్మతో నువ్వే మాట్లాడాలి” అన్నాడు. రష్ అంటే పెళ్ళిచూపుల్లాంటిదే. సెమిస్టర్ మొదట్లో ఒక్కో ఇంటికీ వెళ్ళి, పెట్టింది తిని, అడిగినదానికి చెప్పి, నవ్వి రావాలి. నచ్చితే వాళ్ళు ‘బిడ్’ ఇస్తారు. పుచ్చుకున్నవాడు ‘ప్లెడ్జ్’ అవుతాడు, కొన్ని వారాల పాటు వాళ్ళు చెప్పినట్టల్లా వింటాడు, ఆ తర్వాత సభ్యుడు. వాడికొక ‘బిగ్’ను అప్పజెబుతారు, ఆ బిగ్‌కి వీడు ‘లిటిల్’. బిగ్‌కీ ఒక బిగ్ ఉంటాడు. అలా పైకి పోతే వంశవృక్షమే తయారవుతుంది. సెమిస్టర్‌కి వందల డాలర్ల చందా. ఆ ఇంట్లోనే మకామైతే వేలల్లో.

వినీ వినగానే మా బావ “తాగుబోతు మూక” అని తీర్పు చెప్పేశాడు. బావ హైదరాబాద్‌లో చదువుకున్నది ఒక కుల హాస్టల్లో ఉండి. ఆ హాస్టల్ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ పొద్దున్నే గుడ్‌మార్నింగ్ పెట్టేది ఆయనే. మొదటి ఉద్యోగం ఇప్పించింది హాస్టల్ సీనియర్. అమెరికాలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి కారు వేసుకొచ్చింది ఇంకో సీనియర్. పెళ్ళి సంబంధం, అంటే మా అక్క, అది కూడా ఆ దారిన వచ్చిందే. ఇంత జరిగాక “సంఘాలూ గింఘాలూ మనకెందుకు” అంటాడు. ఆయనదీ ఫ్రాటర్నిటీయే. గుమ్మం మీద గ్రీకు అక్షరాలు లేవు, అంతే తేడా. పుట్టుకతోనే బిడ్ వచ్చేసింది గనక రష్ చెయ్యాల్సిన పని పడలేదు.

అలాగని ఆ హాస్టళ్ళను తీసిపారెయ్యలేం. నిజాం రోజుల్లో పై చదువంటే హైదరాబాదే, అదీ ఎక్కువగా ఉర్దూలో. పల్లెటూరి తెలుగు పిల్లాడికి పట్నంలో తల దాచుకోను చోటుండేది కాదు. కొత్వాలుగా పేరుపడ్డ రాజబహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది అందుకే. సురవరం ప్రతాపరెడ్డి కొన్నాళ్ళు దాని బాగోగులు చూశాడు. ఆ తర్వాత ఒక్కో కులానికీ ఒక్కో హాస్టల్. వాటి వల్ల చదువుకున్నవాళ్ళ లెక్క ఎంత పెద్దదో, వాటి గుమ్మంలో ‘మనవాడేనా’ అన్న ప్రశ్న ఎంత గట్టిగా పాతుకుందో రెండూ చెప్పుకోవాలి.

ఇంచుమించు ఆ కాలంలోనే, 1906లో, కార్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫాను స్థాపించారు. తెల్లవాళ్ళ ఇళ్ళలో వాళ్ళకు ప్రవేశం లేదు. తోటి నల్లవాళ్ళు చదువు మధ్యలో వదిలి వెళ్ళిపోవడం కళ్ళారా చూశారు. కలిసి చదువుకుందాం, ఒకరికొకరం ఉందాం అని మొదలుపెట్టింది సంఘమైంది. తర్వాతి తరాల్లో మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడయ్యాడు. 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా సొరోరిటీ వచ్చింది. కమలా హారిస్ అక్కడే చదువుకుంటూ 1986లో అందులో చేరింది. 2024లో ఆమె అధ్యక్ష పదవికి నిలబడినప్పుడు మనవలున్న పెద్దమ్మలు సైతం ఆ సంఘం రంగులైన గులాబీ, ఆకుపచ్చ బట్టలు కట్టుకుని సభలకు బయల్దేరారు. ఈ సంఘాల్లో సభ్యత్వం డిగ్రీతో ముగియదు. ముసలితనంలోనూ సమావేశాలకు వెళ్తారు, చందా కడతారు, ఊళ్ళో పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తారు.

స్తంభాల వీధిలో ఇళ్ళ కథ దీనికి తిరగబడ్డది. వాటిలో చాలావాటి నియమావళిలో ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా తెల్లవాళ్ళు, క్రైస్తవులు మాత్రమే అన్న షరతు రాతపూర్వకంగానే ఉండేది. రాత చెరిపేశాక కూడా అలవాటు చెరగలేదు. అలబామా యూనివర్సిటీ సొరోరిటీల్లో, అన్ని అర్హతలూ ఉన్న ఒక నల్లమ్మాయిని పూర్వవిద్యార్థినుల ఒత్తిడితో కాదన్న సంగతి అక్కడి విద్యార్థి పత్రిక ‘ద క్రిమ్సన్ వైట్’ బయటపెడితే గాని తలుపులు కదల్లేదు. అది జరిగింది 2013లో!

మనవాళ్ళ పిల్లలకు ఇప్పుడు మూడో దారి ఉంది. 1994లో బింగ్‌హామ్‌టన్‌లో అయోటా ను డెల్టా, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, ఇలా దక్షిణాసియా కుర్రాళ్ళు సొంతంగా పెట్టుకున్న ఫ్రాటర్నిటీలు వచ్చాయి. దీపావళి ఉంటుంది, బాస్కెట్‌బాల్ ఉంటుంది, విరాళాల సేకరణ ఉంటుంది. ఇంట్లో పప్పన్నం, బయట పీజా తిని పెరిగినవాడికి రెండూ వివరించనక్కర్లేని మనుషులు దొరుకుతారు. మావాడి కన్ను పడ్డది అలాంటిదాని మీదే. వాడి ఆశ నాకు అర్థమైంది. నలభై వేల మంది చదివే చోట సాయంత్రం ఎవరితో కూర్చుని తినాలో తెలియకపోవడం చిన్న కష్టం కాదు.

“లాభముందా లేదా, అది చెప్పు” అంది అక్క. లాభం లెక్క కట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఈశాన్య అమెరికాలోని ఒక కాలేజీ పూర్వవిద్యార్థుల వివరాలు తీసుకుని ముగ్గురు ఆర్థికశాస్త్ర పరిశోధకులు 2018లో ఒక వ్యాసం ప్రచురించారు. ఫ్రాటర్నిటీలో చేరినవాళ్ళకు నాలుగు పాయింట్ల స్కేలు మీద జీపీఏ 0.25 దాకా తగ్గిందట, తర్వాతి రోజుల్లో ఆదాయం మాత్రం సుమారు 36 శాతం పెరిగిందట. ఇది చెప్పగానే అక్క మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. “పావు పాయింటే!” అని గుండె మీద చెయ్యేసుకుంది. బావ రెండో ముక్క దగ్గర ఆగి, గొంతు సవరించుకున్నాడు. ఒక్క కాలేజీ లెక్క అది, అన్నిచోట్లా అంతే అనుకోవడానికి లేదు. కానీ ఆ 36 శాతం ఆకాశం నుంచి రాలదు. ఇంటర్వ్యూ జాబితాలో తన అక్షరాలవాడి పేరు పైకి జరిపిన ఒక సోదరుడు ఎక్కడో ఉంటాడు. ఆ జాబితాలో కిందికి జరిగినవాడొకడు కూడా ఉంటాడు, వాడి ఆదాయం ఎంత తగ్గిందో ఆ వ్యాసంలో ఉండదు. బావకి ఇది నచ్చలేదు. ఆయన ఎప్పుడూ పైకి జరిగిన పేరే మరి.

అసలు నాకు దడ పుట్టించేది డబ్బు కాదు, ఆ ప్లెడ్జ్ వారాలు. మన దగ్గర ర్యాగింగ్ ఉంది, దాని మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. ర్యాగింగ్‌కి గురయ్యేవాడు దాన్ని కోరుకోడు, తప్పించుకోవాలనే చూస్తాడు. వీళ్ళ హేజింగ్ అలా కాదు. కుర్రాడు తనంతట తాను వెళ్ళి నిలబడతాడు, అవమానాన్ని ప్రవేశ రుసుం కింద చెల్లిస్తాడు. పైగా చెల్లించినకొద్దీ సరుకు గొప్పదనిపిస్తుంది. 1959లో ఆరన్‌సన్, మిల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ అమ్మాయిల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక చర్చా బృందంలో చేరాలంటే కొందరు బూతుమాటలు పైకి చదవాలి, కొందరు అంత బూతు కాని మాటలు చదివితే చాలు, కొందరికి ఏ పరీక్షా లేదు. తర్వాత అందరికీ వినిపించిన చర్చ కావాలనే చప్పగా తయారుచేసినది. ఎక్కువ సిగ్గుపడి చేరినవాళ్ళకే అది ఎక్కువ రసవత్తరంగా తోచింది! “నా జీవితంలో అవే గొప్ప రోజులు” అని ఏ పాత సభ్యుడైనా కళ్ళు చెమర్చుకుంటే నాకు ఆ చప్పటి చర్చే గుర్తొస్తుంది.

దీన్ని నవ్వుకుని వదిలెయ్యడానికి లేదు. హేజింగ్ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన పాత్రికేయుడు హాంక్ న్యూయర్ లెక్క ప్రకారం 1959 నుంచి 2021 దాకా ఏటా కనీసం ఒక విద్యార్థి ప్రాణం పోయింది. 2017లో పెన్ స్టేట్ యూనివర్సిటీలో బిడ్ పుచ్చుకున్న రాత్రే ఒక 19 ఏళ్ళ కుర్రాడికి వరసపెట్టి తాగించారు. మెట్ల మీంచి పడ్డాక సుమారు 12 గంటల దాకా ఎవరూ అంబులెన్స్‌ని పిలవలేదు. కాగితం మీద అది మద్యం లేని ఇల్లు. మన రంగువాళ్ళ సంఘమైతే భయం లేదనుకుందామా? 2013లో, న్యూయార్క్ బరూక్ కాలేజీ విద్యార్థి ఒకడు పెన్సిల్వేనియా కొండల్లో చనిపోయాడు. పై డెల్టా సై అనే ఆసియా అమెరికన్ ఫ్రాటర్నిటీ తంతు అది. కళ్ళకు గంతలు, వీపున బరువు సంచి, నడుస్తుంటే మిగతావాళ్ళు వచ్చి గుద్ది పడేస్తారు. అమెరికాలో ఆసియావాళ్ళు పడ్డ కష్టానికి అది ప్రతీక అట. స్పృహ తప్పినవాణ్ణి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా లక్షణాలు ఇంటర్నెట్‌లో వెతుక్కున్నారు. చివరికి కోర్టు ఆ సంఘాన్నే దోషిగా నిలబెట్టి, ఆ రాష్ట్రంలో పదేళ్ళు కార్యకలాపాలు సాగించకుండా నిషేధించింది. తాతలు పడ్డ కష్టం మనవడికి తెలియాలంటే తాతతో నాలుగు మాటలు మాట్లాడిస్తే సరిపోయేది.

నేను మావాడికి చేరమనీ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. నా దృష్టిలో ఆ ఇళ్ళవల్ల బాగుపడేవాడు అవి లేకపోయినా బతికేవాడే. ‘ఇది నేను చెయ్యను’ అని అందరి ముందూ అనేసి, మర్నాడు లైబ్రరీలో వాళ్ళ పక్కనే కూర్చోగలిగే పిల్లాడికి నలుగురు స్నేహితులు మిగులుతారు. ఆ మాట రానివాడికే ఆ ఇల్లు ఎక్కువ అవసరం, అక్కడ ఎక్కువ నలిగేదీ వాడే. మావాడు ఏ రకమో నాకు తెలియదు, చిన్నప్పుడు మాత్రం ఇంకో గరిటె వడ్డిస్తే వద్దనలేక ఏడుస్తూ తినేవాడు.

అందుకని రెండు పనులు చెప్పాను. 2024 డిసెంబరులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, ఏ సంఘం హేజింగ్ చేసి దొరికిందో కాలేజీలు బహిరంగంగా ప్రకటించాలి. అది చదువు. రెండోది, రష్‌కి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ, ప్లెడ్జ్‌గా చేరి మధ్యలో మానేసినవాడెవరైనా ఉంటే పరిచయం చెయ్యమని అడుగు. సభ్యులందరూ బాగుందనే అంటారు, మానేసినవాణ్ణి వాళ్ళు ఎలా చూస్తున్నారో చూడు.

వాడు అడిగాడు. ఒక ఇంట్లో నవ్వి మాట మార్చారట. ఇంకో ఇంట్లో మాత్రం, “అదుగో, వాడే” అని పచ్చికలో వాళ్ళతోపాటే క్రికెట్ ఆడుతున్న కుర్రాణ్ణి చూపించారట. చదువుకి టైం చాలక మానేశాడు, ఆదివారాలు మాత్రం ఆటకొస్తాడు. మావాడు ఆ రెండో ఇంటి బిడ్ పుచ్చుకున్నాడు.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. పోట్లాడుతుందనుకున్నాను. “సరేలేరా, వాడిష్టం. మధ్యలో మానేస్తే కట్టిన చందా వెనక్కిస్తారేమో నువ్వే కనుక్కుని చెప్పు” అంది.