మమకారం – కర్తవ్యం

మమకారం లేని మనిషి లేడు. అది ధర్మాసనం ఎక్కితే ఏమవుతుందో భారతం చూపింది. ధృతరాష్ట్రునికి ధర్మం తెలియకపోలేదు. విదురుడు పలుమార్లు చెప్పాడు. అయినా పుత్రప్రేమ ఆ మాటను చెవిదాటి లోనికి పోనివ్వలేదు. అర్జునుడూ మోహంలో పడ్డవాడే. కాని తన మనస్సు కలతపడినదని ఒప్పుకొని, శ్రీకృష్ణుని దారి చూపమన్నాడు.

1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరి చేరిన శ్రీ అరవిందులు, 1916–1920 మధ్య ‘ఆర్య’ పత్రికలో గీతపై వ్రాసిన వ్యాసాలలో అర్జునుని జాలిని దివ్యకరుణ నుండి వేరుచేసి చూపారు. ‘నావారు’ లేకుంటే నా బ్రతుకేమౌతుందన్న స్వార్థవేదన అందులో ఉన్నదన్నారు.

పట్టణానికి దక్షిణాన, కడలూరు రోడ్డుపైనున్న మురుంగపాక్కంలో మా ఇల్లు. ఒకనాడు మా అక్కయ్య వచ్చింది. ఆమె కుమారుడు అభ్యర్థి. ఎంపిక సంఘంలో నేను సభ్యుణ్ణి. తండ్రి లేని బిడ్డ, నేను ఎత్తుకొని పెంచినవాడు, అర్హుడు కూడా. “న్యాయంగానే చూడు తమ్ముడూ, అంతకంటె అడగను” అన్నది. చిక్కంతా అక్కడే. వాని లోపం నా కంటికి చిన్నదిగా తోచదని ఎలా చెప్పగలను? పక్షపాతమన్న భయంతో వానికి రావలసిన మార్కులు తగ్గించినా అన్యాయమే కదా!

బంధుత్వాన్ని వ్రాతపూర్వకంగా తెలిపి సంఘం నుండి తప్పుకున్నాను. వానికి ఉద్యోగం రాలేదు. అక్కయ్య చాలకాలం మాట్లాడలేదు. ఆ మౌనం నన్ను బాధించింది. నిర్ణయాన్ని మాత్రం మార్చలేదు.

ఫైళ్లపై సంతకాలు చేసే మనకు స్థితప్రజ్ఞత దూరపు మాట. మనస్సు ఎటు మొగ్గుతున్నదో అర్జునునివలె ముందుగా చెప్పగలిగితే, అదే తొలిమెట్టు.