వరసగా రెండోసారి ఎవరినీ గెలిపించని బెజవాడ పశ్చిమ

పొద్దున ఎనిమిదింటికే విజయవాడ వన్‌టౌన్‌లో నడవడం కష్టం. కాళేశ్వరరావు మార్కెట్ ముందు బస్తాలు దించే ముఠా కూలీలు, వాళ్ల మధ్య నుంచి దూరే ఆటోలు, దుర్గమ్మ దర్శనానికి దారి అడిగే పొరుగూరివాళ్లు. మార్కెట్‌కు పేరిచ్చిన అయ్యదేవర కాళేశ్వరరావు 1955లో ఈ ఊరి నుంచే శాసనసభకు గెలిచారు. ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకర్ ఆయనే. పశ్చిమ నియోజకవర్గాన్ని కాలినడకన చూద్దామని అక్కడి నుంచే బయల్దేరాను.

దక్షిణాన కృష్ణ, ప్రకాశం బ్యారేజీ. ఒడ్డునే ఇంద్రకీలాద్రి. తూర్పున రైలు పట్టాలు, ఉత్తరాన బుడమేరు వైపు పల్లపు కాలనీలు. నడిమధ్యన కొండలు. కొండకు ఇవతల పాతబస్తీ, అవతల విద్యాధరపురం, భవానీపురం. రెంటినీ కలిపేది చిట్టినగర్ సొరంగం. వస్త్రలత మార్కెట్లో టోకు బట్టల వ్యాపారం చేసే మార్వాడీలు, ఆర్యవైశ్యులు, పంజా సెంటర్ చుట్టూ ముస్లింలు, కొత్తపేట, చిట్టినగర్‌లలో నగరాలు కులస్థులు. ఒక వీధి మాట పక్క వీధికి చెల్లదు. ఇక్కడ ఎవరు గెలవాలన్నా మరొకరి ఓటు అడగక తప్పదు.

సందులు దాటి కొండ మెట్లెక్కాను. మెట్ల పక్కన నల్లటి ప్లాస్టిక్ గొట్టాలు కట్టలు కట్టలుగా పైకి పాకి ఉన్నాయి. చిరిగిన చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించారు. రెండు బిందెలతో ఎక్కుతున్న ఒకామె మలుపు దగ్గర బిందెలు దించి, కొంగుతో మెడ తుడుచుకుని, మళ్లీ ఎత్తుకుంది. వెనకే వట్టి చేతులతో ఎక్కుతున్న నాకే ఆయాసం వచ్చింది. వాన పడితే ఏ బండ జారుతుందోనని రాత్రుళ్లు మేలుకుని కూర్చుంటామని చెప్పిందామె. ఇళ్లకు పట్టా కావాలి, నీళ్లు కావాలి, బండలు జారకుండా వెనక రక్షణ గోడ కావాలి. ఎన్నికలు ఎన్ని వచ్చినా కొండ ప్రాంతం అడిగేవి ఇవే.

ఇంకాస్త పైన అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు మార్కెట్లో ముఠా పని. "మాకు కంకి కొడవలే తెలుసు బాబూ, యూనియనోళ్లు అర్ధరాత్రి పిలిచినా వచ్చేవాళ్లు" అన్నారు. ఆయన మాటకు చరిత్రలో సాక్ష్యం ఉంది. ఇక్కడ కంకి కొడవలి గుర్తున్న సీపీఐ 1985లో ఉప్పలపాటి రామచంద్రరాజుతో, 1994లో కాకర్లపూడి సుబ్బరాజుతో, 2004లో షేక్ నాసర్ వలీతో గెలిచింది. మొదటి రెండుసార్లూ తెలుగుదేశం పొత్తు, మూడోసారి కాంగ్రెస్ పొత్తు. పొత్తు ఎవరితోనైనా, ఆ జెండా మోసింది ముఠా కూలీలు, రిక్షా కార్మికులు.

సీపీఐకి ముందు ఇక్కడ గెలిచినవాళ్లు 1967లో మరుపిళ్ల చిట్టి, 1972లో ఆసిబ్ పాషా, 1978లో పోతిన చిన్నా. ముగ్గురూ కాంగ్రెసే. 1983లో ఎన్టీఆర్ గాలికి బి.ఎస్.జయరాజు గెలిచారు. తెలుగుదేశం సొంత గుర్తు మీద ఇక్కడ గెలిచింది ఆ ఒక్కసారే, తర్వాత చాలాసార్లు ఈ సీటు మిత్రపక్షాలకే వెళ్లింది. 1989లో కాంగ్రెస్ నుంచి ఎం.కె.బేగ్, 1999లో జలీల్ ఖాన్. 2009లో రాష్ట్రం మొత్తం మీద ప్రజారాజ్యానికి 18 సీట్లే వస్తే అందులో ఇదొకటి, వెలంపల్లి శ్రీనివాస్‌ది. 2014లో వైసీపీ తరఫున మళ్లీ జలీల్ ఖాన్, 2019లో అదే పార్టీ నుంచి మళ్లీ వెలంపల్లి. 2024లో ఎన్డీఏ కూటమి అభ్యర్థి, బీజేపీ నేత సుజనా చౌదరి దాదాపు 47 వేల ఆధిక్యంతో గెలిచారు. ఆరు పార్టీలు గెలిచాయి. 1967 నుంచి ఇప్పటిదాకా ఏ ఒక్కరూ వరసగా రెండోసారి గెలవలేదు.

దీన్ని నిలకడ లేని ఓటు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కొండ అడిగేది తీరలేదు కాబట్టే మనిషిని మార్చి చూస్తోంది. బిందెలు మోసే ఆమె ఓటును గాలివాటం అనడం అన్యాయం.

సొరంగం దాటి అవతలి వైపు చూసుకుని, మళ్లీ వెనక్కొచ్చి బుడమేరు వైపు కె.ఎల్.రావు నగర్‌కు వెళ్లాను. ఎన్నికలైన మూడు నెలలకే, 2024 సెప్టెంబరు మొదటి వారంలో, బుడమేరు పొంగి ఈ కాలనీలు మునిగాయి. ఒక చిన్న కిరాణా కొట్టాయన నీళ్లు ఎంతదాకా వచ్చాయో షట్టర్ మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆయన ఛాతీ దాకా వచ్చింది ఆ చెయ్యి. బియ్యం, పప్పులు, ఫ్రిజ్ అన్నీ పోయాయట. ఎవరికి ఓటేశారని నేను అడగలేదు. ఆయనే అడిగాడు, బుడమేరు గట్లు ఎప్పటికి గట్టిపరుస్తారని. కొండ మీద విన్న కోరికల పక్కన దీన్నీ రాసుకున్నాను.