బంగారు దీపాల వెనుక

మా ఊరికి కరెంటు రాకముందు మా ఇంటి గోడకు ఒక కిరసనాయిలు దీపం వేలాడేది. పొద్దుగూకే వేళ అమ్మ పొయ్యి పొగకు దగ్గుకుంటూనే వచ్చి, చిమ్నీ తుడిచి వెలిగించేది. అందుకేనేమో, గోడ దీపం బొమ్మ ఎక్కడ కనబడినా నా చూపు ఆగిపోతుంది.

ఒకనాడు గ్రంథాలయంలో ఫ్రాన్సు దేశపు పాత గోడ దీపాల బొమ్మలు చూశాను. రెండు వందల ఏళ్ల క్రిందటివి. కంచుతో పోతపోసి బంగారు పూత పూసినవి. ప్రాచీన గ్రీకు, రోమా శిల్పాల పద్ధతిలో పొట్టేలు తలలు, ఆకుల దండలు. చాచిన కొమ్మల మీద కొవ్వొత్తులు. ఎంత అందమో!

అయితే ఆ పూత సంగతి చదివి నా మనస్సు కలవరపడింది. బంగారాన్ని పాదరసంతో ముద్దచేసి, కంచుకు పూసి, నిప్పుల మీద కాల్చేవారు. పాదరసం ఆవిరై పోగా బంగారం అంటుకొనేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు చేతులు వణికేవి, పళ్లు ఊడేవి. ఎందరో చిన్న వయస్సులోనే చనిపోయేవారు.

పారిస్‌లో రావ్రియో అనే ఆయన ఇలాంటి కంచు వస్తువులు చేయించి పేరు పొందాడు. 1814లో ఆయన చనిపోయాడు. పనివాళ్లను ఆ విషం నుండి కాపాడే ఉపాయం కనిపెట్టిన వారికి 3,000 ఫ్రాంకులు ఇమ్మని వీలునామాలో రాశాడు. ఆవిరిని పైకి లాగివేసే పొగగొట్టంతో కొలిమి కట్టి చూపిన దార్సే అనే రసాయన శాస్త్రవేత్తకు 1818లో ఆ బహుమానం దక్కింది.

ప్రియ చదువరీ, ఆ యజమాని చివరి ఘడియలకైనా తన పనివాళ్లను తలచుకొన్నాడు. నేనో? జీతం అందుకొన్న తరువాత కూడా, అమ్మ పొయ్యికి ఒక పొగగొట్టం పెట్టించాలని నాకు తోచనే లేదు. ఇప్పుడు తోచింది, అమ్మ లేదు.

మీ ఇంట వెలుగు కోసం ఎవరు దగ్గుతున్నారో, ఈ రాత్రే ఒకసారి చెవియొగ్గి వినండి.