కాపరికీ ఒక మంద కావాలి

"అయ్యగారు సభలకు పోతే ఇక్కడి పని ఎవరు చూస్తారు?" సంఘపెద్దల సమావేశాలలో తరచుగా వినవచ్చే ప్రశ్న ఇది. ఒకప్పుడు ఈ ప్రశ్న వేసినవాడిని నేనే.

అప్పుడు నేను మా గ్రామ సంఘానికి కోశాధికారిని. అధ్యక్ష మండలంలోని కాపరులందరి మూడు రోజుల కూటానికి వెళ్ళివస్తానని, దారిఖర్చులు ఇప్పించమని మా పాస్టరుగారు అడిగారు. "మందను విడిచి కాపరి తిరునాళ్ళకు పోతాడా, అయ్యగారూ?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి ఊరుకొన్నారు. మరి అడుగలేదు.

మూడేళ్ళు గడిచాయి. ఒకనాటి రాత్రి సమాధి కార్యక్రమం ముగించుకొని వచ్చి ఆయన గుడిమెట్ల మీద కూర్చున్నారు. ఆ వారంలో అది రెండవ చావు. మంచినీళ్ళు అందించబోతే మెల్లగా అన్నారు: "మాష్టారూ, మీ ఇళ్ళలో కష్టం వస్తే ప్రార్థించడానికి నేనున్నాను. నాకు కష్టం వస్తే ఏ తలుపు తట్టను?"

నా వద్ద సమాధానం లేదు. తోటి పండితులతో కూర్చొని సందేహం తీర్చుకోని ఉపాధ్యాయుడు పాత పాఠాన్నే వల్లిస్తాడని బడిలో ఎరిగినవాణ్ణే. ఆ తెలివి గుడిలో అక్కరకు రాలేదు.

ఇది కొత్త ధర్మమేమీ కాదు. అంతియొకయలో సున్నతి గురించి వివాదం పుట్టినప్పుడు పౌలు, బర్నబా తామే తీర్పు చెప్పి ఊరుకోలేదు. యెరూషలేముకు వెళ్ళి అపొస్తలులతోను పెద్దలతోను కూడి విచారించారు. మనకు దగ్గరి చరిత్రా అదే చెబుతుంది. 1919 మే నెలలో తమిళనాట తరంగంబాడిలో వేరువేరు శాఖల కాపరులు కూడారు. వారిలో అత్యధికులు భారతీయులు. డోర్నకల్ బిషప్ అజరయ్యగారు వారిలో ప్రముఖులు. తాము కోరి తెచ్చుకోని, బయటినుండి వచ్చిన చీలికలు తమను బలహీనపరుస్తున్నాయని, ఐక్యత కావాలని ప్రకటించారు. 28 ఏళ్ళ తరువాత, 1947 సెప్టెంబరు 27న చెన్నపట్టణంలోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. 1945 జనవరి 1ననే కన్నుమూసిన అజరయ్యగారు ఆ దినం చూడలేదు. కాని ఎవరి గుడిలో వారు ఉండిపోతే ఆ దినమే వచ్చేది కాదు.

సభలలో ఎన్నికల కోలాహలం, ముఠాలు, కాలహరణం లేవనను. మంచి కాపరులు దూరంగా ఉన్నంత మాత్రాన అవి తగ్గవు.

మరుసటి ఏడు నేనే చందా పోగుచేసి అయ్యగారిని పంపాను. "ఏమి తెచ్చారు?" అని పెద్దలు అడిగితే ఆయన ఏమీ చెప్పలేకపోయారు. ఒక వృద్ధ పాస్టరు తన తలపై చేయి ఉంచి ప్రార్థించారని మాత్రం తరువాత నాతో అన్నారు. ఆ చలికాలంలో మా సంఘస్థుడైన ఒక కూలీ బెజవాడ ఆసుపత్రిలో పడి ఉంటే, ఆ కూటంలో పరిచయమైన అక్కడి పాస్టరు ప్రతిదినం వెళ్ళి చూసివచ్చారు. మన సంఘం బెజవాడ దాకా ఉన్నదని ఆ కూలీ భార్య వచ్చి చెబితేగాని మాకు తెలియలేదు.

సంఘపెద్దలైన మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈసారి అయ్యగారు అడుగకముందే దారిఖర్చు చేతిలో పెట్టండి.