నీడలా నిలబడిన గంటలు

అమెరికాలో మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టుకునే పిల్లలు, డాక్టర్ల వెనక నీడలా నిలబడి చూసిన గంటల్ని లెక్కగట్టి చూపిస్తారు. దీన్ని షాడోయింగ్ అంటారు. ఏదీ ముట్టుకోకూడదు, సలహాలు చెప్పకూడదు, చూడాలంతే. మన దగ్గర ఇంటర్ అవగానే ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకు, ఇప్పుడు నీట్ ర్యాంకు. ఆసుపత్రి గుమ్మం తొక్కకుండానే ఎంబిబిఎస్‌లో చేరిపోవచ్చు. ఇక్కడ మాత్రం డాక్టరు బతుకు ఎలా ఉంటుందో కళ్ళారా చూసే ఈ దారిలోకి వస్తున్నావా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది.

చాలా కాలేజీలకు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంది. అందులో తాము చేసిన పనుల గురించి 15 వరకు రాసుకోవచ్చు. షాడోయింగ్‌కి విడిగా ఒక వర్గమే ఉంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, మొత్తం ఎన్ని గంటలు, ఎవరిని అడిగితే నిజమని చెప్తారు అన్నవి నింపాలి. ఆపైన ఏం చూశావో, ఏం నేర్చుకున్నావో ఖాళీలతో సహా 700 అక్షరాల్లో చెప్పాలి. ముగ్గురు నలుగురు డాక్టర్ల దగ్గర నిలబడితే అందర్నీ ఒకే పద్దు కింద చేర్చి, ఎవరి దగ్గర ఎన్ని గంటలో విడదీసి రాయడం మామూలు.

న్యూజెర్సీలో మా అమ్మాయి ఈ పద్దు రాయడానికి కూర్చున్నప్పుడు కాగితం మీద మూడు వరసలున్నాయి. మా కుటుంబ స్నేహితుడైన గుండె డాక్టరు దగ్గర 32 గంటలు. ఇక్కడే ఒక లేడీ డాక్టరు క్లినిక్‌లో 26 గంటలు. వేసవి సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు, బంధువుల ద్వారా తెలిసిన ఒక డాక్టరమ్మగారి నర్సింగ్ హోమ్‌లో 40 గంటలు. మొత్తం 98. ఈ లెక్కలో మా వర్గం సౌకర్యం కూడా కలిసి ఉంది. తెలుగువాళ్ళ ఏ విందుకు వెళ్ళినా ఇద్దరు డాక్టర్లు తగులుతారు. "అంకుల్, ఒక నెల మీ వెనక తిరగనా?" అంటే చాలు. దాని హాస్టల్ రూమ్మేట్‌కి అలాంటి అంకుల్ ఒక్కడూ లేడు. ఆ పిల్ల రాత్రిపూట వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి పక్కలు మార్చి, ఒళ్ళు తుడిచి జీతం తెచ్చుకుంటుంది. ఆమె చేసేది పని, మా అమ్మాయి చేసింది చూడటం. రెండింటినీ గంటల్లోనే కొలుస్తారు.

రెండో వరసలోని క్లినిక్‌లో ప్రతి గది ముందూ నర్సు ఆగేది. లోపలికి వెళ్ళి "ఒక స్టూడెంట్ ఉంది, ఉండొచ్చా?" అని అడిగి వచ్చేది. ఒకరోజు ఒకావిడ వద్దంది. మా అమ్మాయి ఇరవై నిమిషాలు కారిడార్‌లో గోడకానుకుని నిలబడింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

మూడో వరస సంగతి అది చాలా రోజులు చెప్పలేదు. ఆ నర్సింగ్ హోమ్‌లో ఒకామె నొప్పులు పడుతోంది. డాక్టరమ్మగారు దీన్ని లేబర్ రూమ్‌లోకి తీసుకెళ్ళి, "అమెరికా నుంచి వచ్చింది, మావాళ్ళమ్మాయే, చూస్తుంది" అన్నారు. అది కూడా నర్సుతో. బల్ల మీదున్నామెతో కాదు. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. ఆమె కన్నతల్లి బయట వరండాలో బెంచీ మీద కూర్చునుంది. ఊరూ పేరూ తెలియని నా కూతురు లోపల ఉంది. గ్లవ్స్ ఇచ్చి "రా, చెయ్యిపెట్టి చూడు" అన్నారట కూడా. ఇది చేతులు వెనక్కి కట్టుకుని "వద్దాంటీ" అందట. శిక్షణ లేని విద్యార్థులు పరాయి దేశాలకు పోయి రోగుల మీద చెయ్యి వేయకూడదని అమెరికా మెడికల్ కాలేజీల సంఘమే సూచనలు ఇచ్చింది. కానీ అది ఆ సూచనలు చదివి ఆగలేదు. గోడవైపు తిరిగిన ఆ మొహాన్ని చూసి ఆగింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి. డాక్టరు స్త్రీ, నర్సు స్త్రీ, ఆయా స్త్రీ, చూస్తున్నది ఆడపిల్ల. మగవాళ్ళ ముందు చెప్పుకోలేక వైద్యానికే దూరమవుతున్న ఆడవాళ్ళ కోసం ఆడ డాక్టర్లు కావాలని 1883లో ఆనందీబాయి జోషి సభలో నిలబడి చెప్పి, సముద్రం దాటి, 1886లో ఫిలడెల్ఫియాలో పట్టా తీసుకుంది. 2019లో అమెరికా మెడికల్ కాలేజీల్లో మొదటిసారి స్త్రీలు సగం దాటి 50.5 శాతం అయ్యారు. మనం తలుపులు తెరిపించుకుని లోపలికి వచ్చాం. వచ్చాక, బల్ల మీదున్న స్త్రీని "ఉండొచ్చా అమ్మా?" అని అడగడం మాత్రం మనతోబాటు దానంతటదే రాలేదు. ఆ డాక్టరమ్మగారు చెడ్డ మనిషి కాదు. తనను అలాగే తయారుచేసిన చదువు అది. ఫీజు తక్కువ కట్టేవాళ్ళ ఒళ్ళు, చదువుకునేవాళ్ళందరిదీ అనుకునే చదువు.

ఇది మన దేశపు వెనకబాటుతనం అని అమెరికా వైపు నిలబడి తీర్పు చెప్పడానికీ లేదు. మత్తులో ఉన్న స్త్రీలకు, వాళ్ళకి తెలియకుండానే, విద్యార్థుల శిక్షణ కోసం లోపలి పరీక్షలు చేయించడం ఇక్కడి ఆసుపత్రుల్లోనూ జరిగింది. అలాంటి పరీక్షలకు ముందే అనుమతి తీసుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ ఆసుపత్రులకు స్పష్టంగా చెప్పింది 2024 ఏప్రిల్‌లో.

ఆ 40 గంటలు రాయాలా వద్దా అని ఇంట్లో వారం రోజులు వాదన నడిచింది. "ఊరికే వచ్చాయా? విదేశీ అనుభవం అంటారు, పైకి తేలతావు" అన్నారు వాళ్ళ నాన్న. దాని స్నేహితురాలు, "అత్యంత ముఖ్యమైనవి" అని గుర్తుపెట్టే మూడింటిలో ఇదొకటి చెయ్యమంది. వాటికి అదనంగా 1,325 అక్షరాలిస్తారు. "వనరులు తక్కువున్న చోట వైద్యాన్ని దగ్గరగా చూశాను" అనే వాక్యం కూడా తయారుగా ఉంది. ఆ వాక్యంలో లేబర్ రూమ్ ఉంది, పేదరికం ఉంది. ఆమె లేదు.

నేను రాయమన్నాను, కానీ జరిగింది జరిగినట్టు. "ఆమెను ఎవరూ అడగలేదు అని రాయి. అది తెలిసింది కదా నీకు, అదే నేర్చుకున్నది."

"ఆమె సిగ్గుపడ్డ సంగతి చెప్పి నేను సీటు తెచ్చుకోవాలా అమ్మా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ, రాసి ఉండాల్సిందని ఒక పూట అనిపిస్తుంది, అదే రైటని ఒక పూట అనిపిస్తుంది. మౌనం వల్ల ఆ గదిలో ఏమీ మారదు. కానీ పరాయి స్త్రీ నొప్పిని తన గుణంగా చూపించుకోనన్న ఆ పిల్ల మాటని కొట్టిపారేయలేను.

చివరికి 58 గంటలు రాసింది. 700 అక్షరాల్లో మూడోవంతు ఆ కారిడార్‌కే ఇచ్చింది. ఒక పేషెంట్ తనను బయట ఉండమందనీ, ఆమె మాట చెల్లిందనీ, ఆ ఇరవై నిమిషాలు కూడా నేర్చుకున్న సమయమేననీ రాసింది. పేషెంట్ల పేర్లు రాయకూడదు, 1996 నాటి చట్టం ఒప్పుకోదు. మంచిదే. కానీ ఎన్ని గంటలో అడిగి, సాక్షిగా డాక్టరు పేరు అడిగే ఆ ఫారం, ఎవరి అనుమతితో నిలబడ్డావని అడగదు. అడగొచ్చు.

ఇది ఇక్కడ రాయడానికి మా అమ్మాయి ఒప్పుకుంది. ఆమెను అడిగే దారి నాకు లేదు, అందుకే ఏ ఊరో, ఏ సంవత్సరమో రాయలేదు. ఏటా జూన్‌లో పిల్లల్ని తీసుకుని వచ్చి "మీ ఆసుపత్రిలో నాలుగు రోజులు మావాణ్ణి నిలబెట్టండి" అని ఫోన్లు చేసే మనవాళ్ళు ఎంతోమంది. ఆ ఫోన్లో ఇంకొక్క మాట కలపమని వాళ్ళని అడుగుతున్నాను: "పేషెంట్ సరేనంటేనే."