వెనకొచ్చేవాళ్ల కోసం పెట్టిన ముక్క

ఆర్‌ఎక్స్ అనే రెండక్షరాలు వింటే చాలు, నలభై దాటిన మగవాళ్ల ముఖాలు ఇప్పటికీ వెలిగిపోతాయి. 1985లో యమహా ఆర్‌ఎక్స్100 మన రోడ్లమీదికి వచ్చింది. 98 సీసీ ఇంజిన్, 11 హార్స్‌పవర్, నూరు కిలోలకు అటూ ఇటూగా బరువు. యాక్సిలేటర్ ఇలా తిప్పితే అలా దూకేది. 1996లో దాని తయారీ ఆగిపోయింది కానీ మోజు మాత్రం ఆగలేదు. సెకండ్‌హ్యాండ్ బండికి ఇప్పుడు అడుగుతున్న ధరలే అందుకు సాక్ష్యం!

మా అన్నయ్య 2001లో కొన్నది ఆ కుటుంబంలోదే... ఆర్‌ఎక్స్135. అందులోనూ ‘క్యాట్‌కో’ రకం. అంటే పొగ వెళ్లే దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ బిగించి వచ్చిన బండి. అన్నయ్య పోయాక ఐదేళ్లపాటు అది మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని పడుంది. ఈమధ్య వాళ్లబ్బాయి దాన్ని బయటికి లాగాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు కదా, చేతులు ఊరుకోవు. ‘‘వింటేజ్ బాబాయ్ ఇది... కేఫ్ రేసర్‌లా మారుస్తా’’ అన్నాడు.

విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాం. మెకానిక్ ఓ చీటీమీద చేయాల్సినవన్నీ రాశాడు. రీబోర్, కొత్త పిస్టన్, రింగులు, కార్బరేటర్ సర్వీసింగ్, పెయింటింగ్... అన్నిటికన్నా కింద ‘క్యాట్ తీసేయాలి’. ‘‘గొంతులో అడ్డంపడ్డ ముద్దలాంటిది సార్ అది. తీసేస్తే బండికి ఊపిరాడుద్ది. ఆర్‌ఎక్స్ హండ్రెడ్ సౌండొచ్చుద్ది’’ అన్నాడు. మావాడి కళ్లు మెరిశాయి. బండి ఇప్పుడు వదిన పేరుమీద ఉంది. ‘‘అమ్మతో నువ్వు చెప్పు బాబాయ్’’ అని నన్ను పట్టుకున్నాడు.

చెప్పేముందు అసలా ముక్క చేసే పనేమిటో చూద్దామనిపించింది. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో ఫోర్-స్ట్రోక్‌కు ఉన్నట్టు పైన తెరుచుకుని మూసుకునే ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులుండవు. కాలిన పొగ బయటికెళ్లే దారి, కొత్త పెట్రోలు మిశ్రమం లోపలికొచ్చే దారి కాసేపు ఒక్కసారే తెరుచుకుని ఉంటాయి. కొత్తది పాతదాన్ని తోసేస్తూ తనూ కొంత కాలకుండానే బయటికి జారిపోతుంది. దానికి తోడు పెట్రోలుతోపాటే కాలే 2టీ ఆయిల్. ఆ నీలిపొగ, ఆ ఘాటు అందుకే. కన్వర్టర్‌లో సన్నటి గూళ్లమీద ప్లాటినం, పల్లాడియంలాంటి లోహాల పూత ఉంటుంది. అది బాగా వేడెక్కాక, దాని మీదుగా వెళ్లే కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారతాయి. సీసం కలిసిన పెట్రోలు పోస్తే ఆ పూత పాడైపోతుంది. మన దేశంలో 2000 ఫిబ్రవరికల్లా సీసం పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. ఆ ఏప్రిల్ నుంచే కాలుష్య నిబంధనలూ కఠినమయ్యాయి. అన్నయ్య బండి పుట్టింది ఆ రోజుల్లో. అంటే ఆ కన్వర్టర్ పైనుంచి తగిలించిన అతుకు కాదు, ఆ బండి పుట్టుమచ్చ.

మెకానిక్ మాటలో నిజం లేకపోలేదు. ఏళ్లతరబడి 2టీ ఆయిల్ మసి పేరుకుంటే గూళ్లు మూసుకుపోతాయి, బండి ఈడ్చుకుంటూ నడుస్తుంది. అయితే తీసిపారేస్తే సరిపోదు. టూ-స్ట్రోక్‌లో సైలెన్సర్ పొగగొట్టం మాత్రమే కాదు, ఇంజిన్‌లో భాగం కూడా. అందులోంచి వెనక్కి తిరిగొచ్చే ఒత్తిడి అలలు బయటికి జారిన మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెడతాయి. ఆ దారి మార్చి కార్బరేటర్ జెట్లు మార్చకపోతే పెట్రోలు తక్కువై, వేడెక్కి, పిస్టన్ పట్టేసే ప్రమాదముంది.

ఇక చట్టం సంగతి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లను మన ఇష్టానికి మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. 2000 మార్చి తర్వాత తయారైన టూ-స్ట్రోక్ బండికి పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 6,000 పీపీఎం దాటకూడదు. మావాడు ముద్దుగా పిలిచే ‘వింటేజ్’కీ ఓ లెక్కుంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండే వింటేజ్! ఈ గొడవ మనకొక్కరికే కాదు. ఇంజిన్ సెట్టింగులు మార్చి పొగ పెంచే పరికరాలు అమ్మారన్న కేసులో 2016లో అమెరికాలో హార్లే-డేవిడ్‌సన్ కంపెనీ కోటీ 20 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

ఇవన్నీ చెప్పినా మావాడి మనసు కరగలేదు. ‘‘నాకు నాన్న బండి సౌండ్ కావాలి’’ అన్నాడు. దానికేం జవాబు చెబుతాం? ఫోన్లో ఆర్‌ఎక్స్100 వీడియో పెట్టి వాళ్లమ్మకు వినిపించాడు. వదిన కాసేపు విని, ‘‘ఇది మీ నాన్న బండి కాదురా’’ అంది. ‘‘ఆయన బండి ఇంత గోల చేసేది కాదు. వీధి మలుపులో కాస్త బొంగురుగా వినిపించేది. అది విని నేను పొయ్యిమీద చారు పెట్టేదాన్ని’’ అంది.

మావాడు ఇంకేం మాట్లాడలేదు. వాడు వెతుకుతున్న శబ్దం ఏదో ఊరివాళ్ల బండిది. వాళ్ల నాన్నది ఆ ‘అడ్డంపడ్డ ముద్ద’తో కలిసి వచ్చిన శబ్దం.

మర్నాడు చీటీలో చివరి లైను కొట్టేశారు. పైపు విప్పి పేరుకున్న మసి తీయించారు. రీబోర్ చేసి కొత్త రింగులు వేశారు. 2టీ ఆయిల్ అవసరానికి మించి పడకుండా పంపు సరిచేశారు. కేఫ్ రేసర్ కాస్తా కొత్త రంగు, కొత్త సీటు కవరు దగ్గర ఆగింది. పొగ పరీక్షలో బండి పాసైంది. పాతికేళ్ల నాటి కన్వర్టర్ ఇంకా ఎంత పనిచేస్తోందో ఆ యంత్రం విడిగా చెప్పదు. బాగుచేసిన ఇంజిన్ వల్లే పొగ తగ్గి ఉండొచ్చు కూడా.

ఒక్కటి మాత్రం నాకు అర్థమైంది. బండిలో ప్రతి భాగమూ నడిపేవాడి కోసమే. వేగం వాడికి, సీటు వాడికి, అద్దమూ వాడికే. ఈ ఒక్క ముక్కే వెనక స్కూటర్‌మీద పిల్లను బడికి తీసుకెళ్లే తల్లి కోసం, సిగ్నల్ దగ్గర ఎండలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ కోసం. నడిపేవాడికి తన పొగ తగలదు కాబట్టే అది తీసేయడానికి అంత తేలిగ్గా కనిపిస్తుంది.

మీ ఇంట్లోనూ మెట్ల కింద అలాంటి బండేదైనా ఉంటే తప్పక బాగుచేయించుకోండి. కాకపోతే ఏదైనా ఊడదీసే ముందు, అది ఎవరి కోసం పెట్టారో ఒక్కసారి ఆలోచించండి.